నీలం డిస్కుకు దరఖాస్తు

కట్టుడు పళ్ళు చేసే ఆ ల్యాబులో సర్వరు చూసుకునే ఉద్యోగిని అందరూ బ్యాకప్పుగారు అనేవారు. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. సర్వరులోకి సొరుగులా జారే మూడు డిస్కులు, ఎరుపు, పచ్చ, నీలం, వంతులవారీగా మారుస్తూ రోజూ నాలుగు వేల నోళ్ళ కొలతలు కాపీ చేయించేవాడు. నిప్పంటుకున్నా, దొంగలు పడినా ఒకటి మిగలాలని ఒకదాన్ని ఎప్పుడూ ఇంట్లో దాచేవాడు. అందుకే ఆ పొద్దున సర్వరు లోపలి డిస్కు చచ్చిందని తెలిసినా చలించలేదు. కొత్తది బిగించి, ఎర్ర డిస్కులోంచి కొలతలు తిరిగి ఎక్కించి, పదిన్నరకల్లా తీరిగ్గా కాఫీ తాగుదామనుకున్నాడు.

ఎర్ర డిస్కు తగిలించాడు. దీపం మినుకుమినుకుమంది. తెరిచి చూస్తే ఖాళీ. పచ్చ డిస్కు తగిలించాడు. అదే మినుకు, అదే ఖాళీ. బయట బెంచీ మీద, ఆ రోజే పదవీ విరమణ చేస్తున్న హెడ్మాస్టారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మూడింటికి వీడ్కోలు సభ. కొలతలు దొరికితే మిషను రెండు గంటల్లో పళ్ళు చెక్కేస్తుంది, దొరికితే.

"బాబూ, ఫళ్ళు ఎఫ్ఫుడిస్తారు?"

"ఇదిగో అయిపోతోంది మాస్టారూ."

ముందురోజు రాత్రి కాపీ చేసిన నీలం డిస్కు ఇంట్లో అత్తగారి బీరువాలో ఉంది. ఆవిడ కోర్టు రికార్డు గదిలో ముప్పై రెండేళ్ళు పనిచేసిన మనిషి. ఆవిడ హయాంలో సంతకం లేకుండా ఒక్క కాగితం గడప దాటలేదు. డిస్కు అప్పగించేటప్పుడు అల్లుడే, "నా గొంతుతో ఫోనొచ్చినా ఎవరికీ ఇవ్వకండి అత్తయ్యా, ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలిస్తున్నారు" అని మరీ మరీ చెప్పాడు. ఇప్పుడు ఆ గొంతుతోనే ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, నేనే. ల్యాబు డ్రైవర్ని పంపిస్తున్నా, నీలం డిస్కు ఇచ్చేయండి."

"మా అల్లుడి గొంతు అచ్చు దించేశావు నాయనా" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

వెళ్ళిన డ్రైవరు ముప్పావు గంటైనా రాలేదు. ఫోన్ చేస్తే గుసగుసలాడాడు. "వ్యాను తాళాలు తీసేసుకున్నారు సార్. ల్యాబు నుంచి ఉత్తరం వచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దంటున్నారు."

ల్యాబు నడిపే డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. తానే ఉత్తరం రాసుకుని బయల్దేరింది. కాసేపటికి ఫోన్‌లో ఆమె గొంతు కూడా చిన్నబోయింది. "ఉత్తరంలో తేదీ లేదట. నేను డాక్టర్నేనని రుజువేంటన్నారు. తన పన్ను ఒకటి చూపించి ఏమైందో చెప్పమన్నారు, చెప్పాను. సరిగ్గానే చెప్పావమ్మా అని మంచినీళ్ళిచ్చారు. డిస్కు మాత్రం ఇవ్వలేదు!"

ఇక లాభం లేదని అల్లుడే దొరికిన బండెక్కి ఇంటికి పరుగెత్తాడు. హాల్లో డ్రైవరు, డాక్టరమ్మ బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లల్లా పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

"నన్నైనా గుర్తుపట్టారా అత్తయ్యా?"

"పట్టకేం బాబూ! గుర్తుపట్టడం వేరు, పద్ధతి వేరు. ఓ దరఖాస్తు రాసివ్వు."

అల్లుడు పళ్ళు నూరుకుంటూ రాశాడు. ఎందుకు కావాలో రాయలేదని ఒకసారి, ఎప్పుడు తిరిగిస్తాడో రాయలేదని ఇంకోసారి కాగితం వెనక్కొచ్చింది. మూడోసారి రాసి సంతకం పెట్టబోతుంటే ల్యాబులోని టెక్నీషియన్ ఫోన్ చేసింది.

"సార్, ఆ డిస్కు తెచ్చినా తగిలించకండి! పొద్దున కొత్తది బిగించినప్పుడు, ఏ డిస్కు పెడితే దాని మీదికి కాపీ దానంతటదే మొదలయ్యేలా మీరే సెట్ చేశారు. సర్వరేమో ఖాళీ. ఆ ఖాళీనే కాపీ చేసి, ఎరుపూ పచ్చా రెండూ మనమే తుడిచేశాం సార్!"

అల్లుడు కలం కింద పెట్టేశాడు. ఫోన్‌లో అడగ్గానే ఆవిడ ఇచ్చేసి ఉంటే, నాలుగు వేల నోళ్ళూ ఈపాటికి గంగలో కలిసేవి. అతను దాచలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి, "తప్పు నాదే మేడమ్. చేజేతులా రెండు పాడుచేశాను. మూడోదీ చేసేవాణ్ణే. అత్తయ్య ఇవ్వలేదు కాబట్టి బతికాం" అన్నాడు.

డాక్టరమ్మ లేచి నిలబడి అత్తగారికి చేతులు జోడించింది. అత్తగారు దరఖాస్తు ఒక్కటే చూశారు. "బాగానే ఉంది. సంతకం ఇక్కడ" అని, దిండు గలీబులో చుట్టిన డిస్కు తెచ్చి పసిపిల్లను అందించినట్టు అల్లుడి చేతుల్లో పెట్టారు.

ల్యాబుకు వెళ్ళి, ముందు ఆ సెట్టింగు తీసేసి, గుండె చిక్కబట్టుకుని నీలం డిస్కు తగిలించాడు. కొలతలు ఒక్కటి తప్పకుండా దిగాయి. రెండున్నరకు హెడ్మాస్టారు కొత్త పళ్ళతో బయల్దేరారు. సభలో ఆయన ఉపన్యాసం ఆరున్నరకు గానీ ముగియలేదట.

మర్నాడు డాక్టరమ్మ, ఇకమీదట డిస్కులన్నిటికీ సంరక్షకురాలు మీరేనంటూ అత్తగారికి నియామక పత్రం పంపింది. అల్లుడే రెండు చేతులా పట్టుకొచ్చి వినయంగా అందించాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, రెండు తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టి తిప్పి పంపారు.