తలుపు తట్టిన చట్టం

ఇల్లున్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లను ప్రభుత్వం బొత్తిగా పట్టించుకోదు!

వేళాకోళం కాదు. మీకో ఇల్లుంది. మీరు ఎక్కడ పడుకుంటున్నారో, ఎటు తిరిగి పడుకుంటున్నారో, కాళ్లు ముడుచుకున్నారో చాపుకున్నారో అని ఏనాడైనా ఏ అధికారైనా వచ్చి చూశాడా? లేదు కదా? అదే ఇల్లు లేనివాడైతే, వాడు నడుం వాల్చిన మరుక్షణం పలకరించడానికి కనీసం లాఠీ పట్టుకున్న మనిషైనా వస్తాడు.

నేను పొలం మనిషిని. కూరగాయల బుట్టలు మార్కెట్లో దించి, తిరుగు బస్సు వచ్చేదాకా ఫ్లైఓవర్ కింద కూర్చుంటాను. మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. చూసినంతలో చెబుతున్నాను: ఈ కాలంలో ఇల్లు లేనివాళ్లకు జరుగుతున్న మర్యాద మరెవరికీ జరగడం లేదు.

పార్కు బెంచీలే చూడండి. మునుపు సాదా బల్లలుండేవి. ఎవరు పడితే వాళ్లు ఒరిగిపోయేవారు. ఇప్పుడు మధ్యమధ్యలో ఇనుప కమ్మీలు బిగించారు. ఎందుకనుకున్నారు? పగలు పడుకుంటే ఒంట్లో బద్ధకం పేరుకుంటుందని! మన మంచాలకు అలాంటి కమ్మీ ఎవరైనా బిగించారా? మన ఆరోగ్యం ఎవరికి పట్టింది?

కొట్ల ముందు అరుగుల మీద సిమెంటులో రాళ్లు నిలువుగా పాతారు. పాదాలకు రాళ్లు ఒత్తుకుంటే రక్తం బాగా ఆడుతుందని డబ్బున్నవాళ్లు పనిగట్టుకుని రాళ్ల బాటలు వేయించుకుంటున్నారు. ఇక్కడ ఆ వైద్యం ఉచితం, అదీ ఒళ్లంతటికీ! బ్యాంకు మెట్ల మీద తెల్లవారగానే నీళ్ల పైపు తిప్పుతారు. మీ ఇంట్లో కుళాయి ఎప్పుడైనా మిమ్మల్ని వెతుక్కుంటూ పక్క దాకా వచ్చిందా?

తలదాచుకోవడానికి ఒక షెడ్డు కూడా కట్టారు. అందులో చేరాలంటే ఇంటి అడ్రసుకు రుజువు చూపించాలి. ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు. నవ్వకండి. ఇల్లు లేదని ఎవడో నోటిమాటగా చెబితే నమ్మేయడమేనా? ఏ ఇల్లు లేదో ఆ ఇంటి నంబరు చెప్పొద్దూ!

ఇంత చేస్తున్నా కోర్టువారికి తృప్తి కలగలేదు. ఈమధ్య గట్టి ఉత్తర్వు ఒకటి ఇచ్చారు. రోడ్డు పక్కన బతికేవాళ్లను ఉన్నపళంగా లేపకూడదు. వాళ్ల నివాసం తలుపు మీద నోటీసు అంటించాలి. వారం గడువివ్వాలి. సామాను తీసుకెళ్తే జాగ్రత్తగా తిరిగి ఆ నివాసానికే చేర్చి, ఇంట్లో ఉన్నవాళ్ల చేతికి అప్పగించాలి. బస్సు కోసం కూర్చున్న ఒకాయన పేపర్లో చదివి వినిపిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఆ ఉత్తర్వు అమలు కావడం ఈ కళ్లతోనే చూశాను.

ఫ్లైఓవర్ స్తంభం పక్కన ఒకావిడ కుట్టుమిషన్ పెట్టుకుని బ్యాగులకు జిప్పులు వేస్తుంది. అందరూ జిప్పులక్క అంటారు. పగలు ఆ మిషన్ బతుకుతెరువు. పొద్దుగూకితే దాని మీదుగా ప్లాస్టిక్ పట్టా లాగి కడుతుంది, అదే ఇల్లు. ఆమెకు తోడు అత్తగారు. కోడలు కాలితో మిషన్ తొక్కుతుంటే అత్త నోటితో లోకాన్ని తొక్కుతుంటుంది. ఆ మిషన్ ఆగిన పూట ఇద్దరికీ పస్తే.

ఒక ఉదయం మున్సిపల్ లారీ వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. వెనకనుంచి ఇద్దరు మనుషులు ఒక తలుపు దించారు. ఏదో కూల్చేసిన ఆఫీసుది, ద్వారబంధంతో సహా ఊడదీసుకొచ్చినది. గడియ కూడా ఉంది. స్తంభం పక్కన నిలబెట్టి చెరో వైపు పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు చొక్కా సర్దుకుని, ఎంతో మర్యాదగా తలుపు తట్టాడు.

"ఎవరండీ ఇంట్లో?"

తలుపుకు జానెడు దూరంలో మిషన్ తొక్కుతున్న జిప్పులక్క తలెత్తింది. "నేనే సార్. ఏం కావాలి?"

"మీరు కాస్త పక్కకుండండమ్మా. ఇంట్లోవాళ్లతో పని."

"ఇంట్లోవాళ్లం మేమే సార్!"

"మరి తలుపు తీయరేం?"

"తలుపు మీరు తెచ్చుకున్నదేగా, మీరే తీసుకోండి!"

అత్తగారు అందుకుంది. "ఊరుకోవే, గొడవ పెట్టుకోకు. ఇవాళ తలుపు తెచ్చాడు, రేపు గోడలు తెస్తాడేమో! కూర్చోమను నాయనని."

ఇన్‌స్పెక్టరు మరోసారి తట్టాడు. ఇంట్లో ఎవరూ లేరని రాసుకున్నాడు. తలుపు మీద నోటీసు అంటించి, ఫోటో తీశాడు. మనుషులు తలుపును మళ్లీ లారీ ఎక్కించారు. నోటీసు దాని మీదే ఉంది.

"సార్, ఆ కాగితం ఇచ్చి పోండి!" అంటూ జిప్పులక్క లారీ వెంట పరుగెత్తింది.

"తలుపు మీది నోటీసు పీకకూడదమ్మా, నేరం!" అన్నాడు ఆయన, తల బయటికి పెట్టి.

అందులో తప్పేముంది? ఇంకో ఫ్లైఓవర్ కింద ఇంకొకళ్ల తలుపు తట్టాలి కదా! అంత పెద్ద మున్సిపాలిటీకి ఉన్నది ఆ ఒక్క తలుపే.

గడువు తీరింది. లారీ వచ్చి మిషన్ని ఎక్కించుకుంది. జిప్పులక్క మిషన్ చక్రం పట్టుకుని వేలాడింది. "నాకు నోటీసు అందలేదు సార్! ఇది పట్టుకుపోతే మేమేం తినాలి?"

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. ఫోన్లో ఆనాటి ఫోటో వెతికి చూపించాడు. తలుపు చక్కగా పడింది. నోటీసు చక్కగా పడింది. ఓ అంచున, మిషన్ తొక్కుతున్న జిప్పులక్క మోచెయ్యి కూడా పడింది.

"కంగారుపడకమ్మా. చట్టప్రకారం మీ ఇంటి ముందుకే తెచ్చి పెడతాం."

పెట్టారు కూడా! ఆ తలుపు ఉండేది మున్సిపల్ గోడౌనులో. మిషన్ని తీసుకెళ్లి సరిగ్గా దాని ముందు దించారు. తలుపు తట్టారు. లోపలినుంచి ఎవరూ పలకలేదు.

జిప్పులక్క వెతుక్కుంటూ గోడౌనుకు వెళ్లింది. మిషన్ మోయడానికి మనిషి కావాలంటే నేనూ వెళ్లాను. అత్తగారు ఎవరూ పిలవకుండానే వచ్చింది. పెద్ద రేకుల షెడ్డు. నట్టనడుమ ద్వారబంధానికి చెక్కలు కొట్టి తలుపు నిలబెట్టారు. దాని ముందు మిషన్, దుమ్ము కొట్టుకుని ఉంది.

"ఎన్నిసార్లు తట్టించానో తెలుసా?" ఇన్‌స్పెక్టరు నొచ్చుకున్నాడు. "ఇంట్లో ఉన్నవాళ్ల చేతికే ఇవ్వాలని రూలు. మీరేమో ఇంటిపట్టున ఉండరు. మేమేం చేసేది?"

జిప్పులక్కకు ఏడుపొచ్చింది. అత్తగారికి రాలేదు. ఆమె తలుపు చుట్టూ నడిచి వెనక్కి వెళ్లింది.

"ఇప్పుడు తట్టు నాయనా."

ఇన్‌స్పెక్టరు తట్టాడు. అలవాటైపోయిన చెయ్యి! గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

"ఎవరు కావాలి?" అంది అత్తగారు.

"మీ సామాను వచ్చిందమ్మా." ఇంకేమంటాడు పాపం? వేలిముద్ర తీసుకుని మిషన్ అప్పగించాడు.

"రావే లోపలికి! పరాయిదానిలా వాకిట్లో నిలబడతావేం?"

కోడలు కళ్లు తుడుచుకుని, మిషన్ నెట్టుకుంటూ గుమ్మం దాటింది. నేను చెప్పులు బయట విప్పాను. ఒకరింటికి వెళ్లినప్పుడు ఆ మాత్రం పద్ధతి ఉండాలి.

అయితే వేలిముద్ర పడ్డాక ఆ ఇంట్లో వాళ్లున్నట్టు రుజువైపోయింది. అది చూస్తే ప్రభుత్వ గోడౌను! ఇన్‌స్పెక్టరు చట్టం తప్పే మనిషి కాదు. అక్కడికక్కడే అచ్చు నోటీసు ఒకటి తీసి తలుపు మీద అంటించాడు. ఖాళీ చేయడానికి వారం గడువు.

"వారమా!" అత్తగారు తలెత్తి చూసింది. పైన రేకుల మీద వాన మొదలైంది. "ఏమే, ఇది కారట్లేదు!"

కోడలు వినిపించుకోలేదు. అప్పటికే మిషన్‌కు నూనె వేస్తోంది.

అందుకే చట్టాన్ని ఊరికే ఆడిపోసుకోకండి. ఫ్లైఓవర్ కింద ఏళ్ల తరబడి ఉన్నా దొరకని హక్కు, ఒక్క తలుపు వెనక నిలబడితే దొరికింది. చట్టానికి మనుషులు కనపడరని ఎవరన్నారు? ముందు తలుపు కనపడాలి, అంతే!

గడువు తీరాక ఎక్కడికి పోవాలో ఆ నోటీసులో రాసే ఉంటారని అత్తగారికి నమ్మకం. నన్ను చదవమంది. చదివాను. రాసే ఉంది, అడుగున, పెద్ద అక్షరాల్లో.

"ఈ స్థలమును ఖాళీ చేసి, వెంటనే మీ ఇంటికి వెళ్లిపోవలెను."