గోలశాస్త్రం

కళ్లజోళ్ల దుకాణం ఆయన్ని వీధి వీధంతా అద్దాలాయన అంటుంది. ఎంత చిన్న అక్షరమైనా ఎదుటివాడి చేత చదివించగలడు. భార్య మొహంలో రాసి ఉన్నది మాత్రం, ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా ఆయన కంటికి ఆనదు.

ఆవిడ కోర్టులో స్టెనో. సాక్షి నోట్లోంచి మాట జారడం ఆలస్యం, పట్టేస్తుంది. ఇంట్లో సాక్షీ, ముద్దాయీ ఇద్దరూ అద్దాలాయనే.

ఆదివారం ఫుట్‌బాల్ ఫైనల్. సోమవారం పెద్దమ్మాయికి సైన్సు పరీక్ష. రెంటికీ మధ్య అద్దాలాయన.

స్టేడియంలో టిక్కెట్లు ఇచ్చే పెద్దమనిషికి హడావిడిగా కళ్లజోడు చేసిపెట్టి మూడు టిక్కెట్లు సంపాదించాడు. నిజానికి ఆయనకి ఒకటి చాలు. కానీ పిల్లల్ని వెంటబెట్టుకోకపోతే ఆవిడ గడప దాటనివ్వదు.

“ఆదివారం పిల్లలకి నేను పాఠం చెబుతా,” అన్నాడు గిన్నెలు తుడుస్తూ.

“అడక్కుండా గిన్నెలు తుడుస్తున్నప్పుడే అనుకున్నా. ఏం పాఠం?”

“శబ్దం.”

“అది మీకొచ్చా?”

“పెళ్లయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాగా.”

జోకు తనకే నచ్చి తనే నవ్వుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. రికార్డు చేసుకుంది.

“ఎక్కడ చెబుతారు?”

“స్టేడియంలో! వేలమంది ఒక్కసారి అరుస్తుంటే అంతకన్నా మంచి ప్రయోగశాల ఏముంటుంది? పుస్తకంలో గోల్ ఉండదు, గోలా ఉండదు. అక్కడ రెండూ ఉంటాయి.”

“సరే. ముందు ఇంటి దగ్గర చెప్పండి. పిల్లలకి అర్థమైతే అప్పుడు చూద్దాం.”

అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

శనివారం సాయంత్రం మెట్ల మీద పాఠం మొదలైంది. పెద్దమ్మాయిని ఇంట్లో ఎందుకమ్మ అంటారు. ఏం చెప్పినా దాని నోట వచ్చే మాట అదే. చిన్నవాడు మైకు. వాడు గుసగుసలాడినా పక్కవీధికి వినబడుతుంది. వాడొక్క కేక వేసేసరికి వీధిలో పిల్లలంతా మెట్ల మీద వాలిపోయారు.

“మీరంతా ప్రేక్షకులు. వరసగా ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చోండి. చూశారా! ఎవరి చోట వాళ్లే ఉన్నారు. కెరటం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. శబ్దం కూడా అంతే.”

“కానీ నాన్నా, శబ్దం వెళ్లేప్పుడు గాలి పైకీ కిందికీ లేవదట. ముందుకీ వెనక్కీ ఊగుతుందని పుస్తకంలో ఉంది. ఎందుకు?”

అద్దాలాయన గతుక్కుమన్నాడు. “ఆ... అక్కడికే వస్తున్నా!” అని పిల్లల్ని వరండాలో ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాడు.

“వెనకవాడు ముందువాణ్ణి భుజం పట్టి తోసి, మళ్లీ తన చోటికి తను వచ్చేయాలి. తోపు వెళ్తుంది, మనిషి వెళ్లడు. వరస చివర నేనుంటా. నేను చెవిని. తోపు నాకు తగిలిందంటే శబ్దం వినబడినట్టు.”

మైకు “గోల్!” అని అరిచి మొదటి తోపు తోశాడు.

తోపు చక్కగా ప్రయాణించింది. పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడే ఆగారు. చెవి మాత్రం ఆగలేదు. చెవి ముందు ఆనుకోవడానికి మనిషి లేడు. పక్కవాటా తాతగారి తలుపు ఉంది. దానికి గడియ లేదు. తలుపు వెనక దుప్పట్లు నానబెట్టిన తొట్టి ఉంది.

సబ్బునీళ్లలో కూర్చున్న అద్దాలాయన్ని తాతగారు ఎగాదిగా చూశాడు. చప్పుడంటే గిట్టని మనిషి ఆయన.

“ఏంటి బాబూ ఇది?”

“శబ్దమండీ.”

“వినబడింది.”

గుమ్మంలోంచి ఆవిడ అంతా చూసింది. “పాఠం బాగా చెప్పారు,” అంది. వెక్కిరింత కాదు, నిజంగానే అంది. పిల్లలకి అర్థమైంది కూడా.

అర్థం కావడమే కొంప ముంచింది.

“నాన్నా, శబ్దం దూరం నుంచి రావడానికి కాస్త టైము పడుతుందిగా?” అంది ఎందుకమ్మ భోజనాల దగ్గర.

“భేషుగ్గా పడుతుంది! ముందు మెరుపు, తర్వాత ఉరుము. అంతెందుకు, స్టేడియంలో గోల మన మేడ మీదికి రావడానికి కూడా రెండు మూడు సెకన్లు పడుతుంది.”

“అయితే కొలుద్దాం! నేను స్టేడియం నుంచి ఫోన్ చేస్తా. గోల ముందు ఫోన్లో వస్తుంది, తర్వాత గాలిలో వస్తుంది. మధ్యలో ఎంతసేపో మేడ మీద ఒకళ్లు కొలవాలి.”

“అమ్మ కొలుస్తుందిలే.”

“నా వల్ల కాదండీ,” అంది ఆవిడ వడ్డిస్తూ. “పాఠం చెప్పిన మాస్టారు మీరు. కొలత తప్పితే ఎల్లుండి పరీక్షలో దాని గతేంటి?”

“మరి పిల్లలు ఒక్కళ్లే...”

“ఒక్కళ్లే ఎందుకు? మూడో టిక్కెట్టు ఉందిగా.”

“నీకు ఫుట్‌బాల్ గిట్టదు కదే!”

“ఎవరు చెప్పారు? ఎప్పుడన్నా అడిగారా?”

అద్దాలాయన ఎంత వెనక్కి వెళ్లి వెతుక్కున్నా, అడిగిన గుర్తు దొరకలేదు.

ఆదివారం మేడ మీద కుర్చీ వేసుకుని, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఫోను మోగింది. ఎత్తి చెవికి ఆనించుకున్న కాసేపటికి చెవి చిల్లు పడేంత గోల లేచింది.

“ఇప్పుడు నాన్నా!”

లెక్క మొదలుపెట్టాడు. కాసేపటికి నీళ్ల ట్యాంకుల మీదుగా అదే గోల మెల్లగా, మెత్తబడి, అలసిపోయినట్టుగా వచ్చి చేరింది.

“వచ్చింది! మూడు సెకన్లు! ఇంతకీ గోల్ ఎవరు కొట్టారే?”

“మాట్లాడకు నాన్నా, లైను ఖాళీగా ఉండాలి!” పెట్టేసింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఒకసారి మాత్రం దాని వెనక ఎవరిదో ఆడగొంతు ఖంగుమంది: “అది ఫౌలెట్లా అవుతుందయ్యా రిఫరీ? మా ఆయన దుకాణానికి రా, మంచి కళ్లజోడు ఇప్పిస్తా!”

అద్దాలాయన ఫోను చెవి నుంచి తీసి, దానివంక ఒకసారి చూసి, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. అప్పటికే ఛార్జింగ్ అయిపోయింది.

చీకటి పడుతుండగా ముగ్గురూ వచ్చారు. ఆయన మెట్ల దాకా ఎదురెళ్లాడు. “ఎవరు గెలిచారు?”

మైకు నోరు తెరిచాడు. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. పుట్టాక వాడలా ఉండడం అదే మొదటిసారి. ఎందుకమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ముందు గొంతు చూపించింది, తర్వాత పొయ్యి చూపించింది.

అద్దాలాయన ఉప్పు వేసి వేణ్ణీళ్లు కాచాడు. ముగ్గురూ మూడు స్థాయిల్లో పుక్కిలించారు. ఆయన గ్లాసులు అందిస్తూ ఓపిగ్గా నిలబడ్డాడు.

చివరికి ఆవిడ గొంతు కాస్త పెగిలింది. “సమం. వచ్చే ఆదివారం మళ్లీ ఆడతారట.”

ఆయన మొహం వెలిగిపోయింది. “అయితే ఈసారి నేను...”

“ఒక్కరోజు కొలిస్తే నమ్మకూడదు నాన్నా,” అంది ఎందుకమ్మ బొంగురుగొంతుతో. “మళ్లీ కొలవాలి. అదే చోట. అదే మనిషి.”

ఆవిడ సంచిలోంచి వచ్చేవారం టిక్కెట్లు తీసి అలమరలో పెట్టింది. మూడే.

అద్దాలాయన పొయ్యి కట్టేశాడు. మేడ మీద మర్చిపోయిన కుర్చీ తెచ్చుకుందామని నాలుగు మెట్లు ఎక్కి ఆగాడు. కాసేపు ఆలోచించి, అక్కడే ఉండనీలే అనుకుని కిందికి దిగి వచ్చేశాడు.