చందానగర్‌లో బీథోవెన్ పుట్టినరోజు

బీథోవెన్ పుట్టి రెండు వందల ఏళ్లయిన ఆ డిసెంబరు ఉదయం, చందానగర్‌లో విశ్వేశ్వరరావు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని గ్రామఫోను ముందు కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చిన నాటి నుంచి, ఆ సంగీతాన్ని చివరిదాకా విన్న మనిషి ఆయనకు ఒక్కడూ దొరకలేదు. పిలిస్తే వచ్చేవారు, కాఫీ తాగేసి లేచిపోయేవారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకండీ?" అంది భార్య సుబ్బలక్ష్మి.

"ఈ శంఖం ఊదిన బీథోవెనే చెవిటివాడు, పిచ్చిదానా!"

"ఇవాళ ఒక్కరైనా చివరిదాకా కూర్చుంటే సరి. లేకపోతే ఆ పెట్టె అటకెక్కాల్సిందే."

ఆయన సరేనన్నాడు.

ఇంట్లోకి పిలిస్తే ఎవరూ రారని, పెళ్లిళ్లకు మైకు కట్టే మొగిలి చేత డాబా మీద హారన్ కట్టించాడు. కొత్తవాళ్లు బెదిరిపోకుండా ముందుగా నెమ్మదైన భాగం పెట్టాడు. అది ఒక వీరుడి అంతిమయాత్ర కోసమన్నట్టు రాసిన భాగం.

అదే కొంప ముంచింది. ఆ రోజుల్లో పెద్ద నాయకుడెవరైనా పోతే రేడియోలో పాటలు ఆపేసి, ఇలాంటి విషాద వాద్యమే వినిపించేవారు. పేరు చెప్పేలోపే జనానికి సంగతి అర్థమైపోయేది.

ముందు కిరాణా కొట్టు మూతపడింది. కొట్టు మూశారని బడిపంతులు రామచంద్రం పిల్లల్ని ఇళ్లకు పంపేశాడు. బడి వదిలారని పంచాయతీ ఆఫీసు జెండా సగానికి దిగింది. జెండా దిగాక సర్పంచి ఐలయ్య ఊరుకుంటాడా? తలపాగా తీసి చేత పట్టుకుని, ఊరిని వెంటేసుకుని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

కన్నీళ్లు పెట్టుకుంటున్న ఆ జనాన్ని చూసి విశ్వేశ్వరరావు పొంగిపోయాడు. మొగిలి వచ్చి చెవిలో చెప్పేదాకానే ఆ ఆనందం.

"సారూ, సచ్చిపోయింది ఎవరని అడుగుతున్రు. ఏం చెప్పాలె?"

చెబితే జనం లేచిపోతారు, గ్రామఫోను అటకెక్కుతుంది. విశ్వేశ్వరరావు తల దించుకుని, పాపం మూటగట్టుకుంటూ రికార్డు తిరగేశాడు. తిరగేశాక గానీ గుర్తు రాలేదు, అటువైపుది గంతులు వేయించే హుషారు వాద్యం! దొరికిపోయాననుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇగ పాడె లేపిన్రు," అంది ముందు వరసలో కిష్టమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. పాడె లేచాక డప్పులు హుషారుగా మోగడం అక్కడి ఆనవాయితీ. అందరూ భక్తిగా లేచి నిలబడి, చివరిదాకా విన్నారు.

ఇక ఆయన మనసు ఆగలేదు. "క్షమించండి. ఎవరూ పోలేదండీ. అంటే... పోయారు, పోయి నూట నలభై ఏళ్లు దాటింది. ఇవాళ ఆయన పుట్టినరోజు."



"పుట్టినరోజు నాడు గిట్ల ఏడిపిస్తవా సారూ?" అన్నాడు ఐలయ్య. తలపాగా చుట్టుకుని, జెండా పైకి గుంజమని చెప్పి నడిచాడు. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ రికార్డు జర పైలంగ ఉంచు. మా నాయినకు పానం బాగుంటలేదు."

గ్రామఫోను అటకెక్కలేదు. ఊళ్లో ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే చాలు, సుబ్బలక్ష్మే దాని దుమ్ము తుడిచి పెట్టేది.