లోటు మాస్టారి ఒక్క పేజీ

ఆ రోజు లోటు మాస్టారు చేయవలసిన పని ఒక్కటే. తొమ్మిదింటికల్లా బస్సు డిపో క్యాంటీనుకి వెళ్లి, ఒక పేజీ రాసి, క్యాంటీనమ్మ చేతిలో పెట్టాలి. పన్నెండింటికి ఇంటికొచ్చి భోంచేయాలి. ముప్పై ఏళ్లు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన తనకు ఇదీ ఒక పనేనా అనుకున్నారాయన. ఆయన భార్య మాత్రం అలా అనుకోలేదు.

“మీరొక్కరే రాసిచ్చేయండి. మీ వాళ్లనెవరినీ అడక్కండి,” అంది ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ.

“అడక్కుండా ఎలా? మండలి తరఫున కదా రాసేది.”

“అయితే అన్నం మూతపెట్టి ఉంచుతాను,” అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మండలి అంటే వామపక్ష ఆర్థికవేత్తల అధ్యయన మండలి. మొత్తం ఎనిమిది మంది, అందరూ రిటైరైనవాళ్లే. శ్రామికుల మధ్య కూర్చుంటే తప్ప ఆలోచన సాగదని తీర్మానించుకుని, తొమ్మిదేళ్లుగా రోజూ డిపో క్యాంటీన్లోనే సమావేశమవుతున్నారు. క్యాంటీన్లో ఉన్నవి రెండు బల్లలు, ఎనిమిది కుర్చీలు. అందువల్ల సభ ఎప్పుడూ నిండుగా ఉండేది. డ్యూటీ దిగిన డ్రైవర్లూ కండక్టర్లూ గుమ్మంలోంచి తొంగిచూసి, చప్పుడు చేయకుండా రోడ్డు దాటి ఎదుటి టీ బండి దగ్గరికి వెళ్లిపోయేవారు. శ్రామికవర్గానికి మేధావులంటే ఎంత గౌరవమో అని లోటు మాస్టారు లోలోపల పొంగిపోయేవారు.

ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. బడ్జెట్లో లోటు వస్తే కొంపేమీ మునగదని, సొంతంగా నోట్లు అచ్చువేసుకునే ప్రభుత్వానికి డబ్బు లేకపోవడమనేదే ఉండదని, నిజంగా కొరత వచ్చేది మనుషులకూ సరుకులకూ చోటుకూ మాత్రమేనని ఆయన వాదన. ఆయన ప్రాణస్నేహితుడు పన్నుల మాస్టారికి ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. అప్పు చేసి ఖర్చుపెడితే వడ్డీ తినేది మళ్లీ డబ్బున్నవాళ్లే కాబట్టి ముందు వాళ్ల ముక్కు పిండి పన్ను వసూలు చేయాలంటారాయన. ఇద్దరూ కోరేది పేదవాడి మేలే. ఆ ఒక్క కారణం వల్లే ఒకరినొకరు క్షమించలేకపోతున్నారు.

క్యాంటీనమ్మ అడిగినది చిన్న సాయం. క్యాంటీన్ నష్టాల్లో ఉందట, బస్సుల సంస్థ దగ్గర డబ్బు లేదట, మూసేయాలా వద్దా తేల్చడానికి పైఆఫీసు నుంచి అధికారి పదకొండున్నరకు వస్తున్నారట. “పద్నాలుగేళ్ల నుంచి ఈ పొయ్యి మీదే మా ఇల్లు నడుస్తోంది మాస్టారూ. మూసేయొద్దని మీలాంటివాళ్లు నాలుగు ముక్కలు రాసిస్తే ఆయన చేతిలో పెడతాను,” అంది ముందురోజు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. మాస్టారు అక్కడికక్కడే మాట ఇచ్చేశారు.

తొమ్మిదింటికి కాగితం తీసి తేదీ వేసి, మొదటి వాక్యం పైకి చదువుతూ రాయబోయారు. “సంస్థ దగ్గర డబ్బు లేదన్న మాట అబద్ధం.”

“అబద్ధం ఎలా అవుతుంది? డబ్బుంది, కానీ ఉన్నవాళ్ల దగ్గరుంది అని రాయి,” అన్నారు అప్పుడే వచ్చి పక్క కుర్చీ లాక్కున్న పన్నుల మాస్టారు.

“ఉన్నవాళ్ల దగ్గర అడుక్కోవలసిన అవసరం ప్రభుత్వానికి లేదు.”

“డిపో నోట్లు అచ్చువేయదు కదరా.”

“డిపో ఎవరిది? ప్రభుత్వానిది కాదా?”

మిగతా ఆరుగురూ వచ్చేసరికి గొంతులు పెరిగాయి. వాళ్లు సరిగ్గా ముగ్గురటూ ముగ్గురిటూ చీలిపోయారు. ఒకాయన అసలు ఇది విజ్ఞప్తా డిమాండా తేలాలన్నారు. ఇంకొకాయన అధికారికి కాగితం ఇవ్వడమంటేనే లొంగిపోవడమన్నారు. పది నలభైకి కాగితం మీద తేదీ ఒక్కటే మిగిలింది. దాని మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

క్యాంటీనమ్మ రెండుసార్లు వచ్చి చూసి, నోరు తెరవబోయి, వెనక్కి వెళ్లింది. మాస్టారికి ఆవిడ ముఖం చూస్తే సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు మామూలు మనిషి నాలుగు ముక్కలు రాసి ఇచ్చేస్తాడు. మాస్టారు ప్రయోగం చేసి చూపిస్తానన్నారు.

నోటుపుస్తకం చించి యాభై చీటీలు చేశారు. ఒక్కోదాని మీద ‘ఒక టీ’ అని రాసి సంతకం పెట్టారు. డిపో ఆవరణలో కనిపించిన ప్రతి డ్రైవరుకీ కండక్టరుకీ తలా ఒకటి పంచి వచ్చారు. “చూడు, పొద్దున్న ఈ క్యాంటీనుకి గిరాకీ లేదు. నేను కాగితం సృష్టించాను, గిరాకీ పుట్టింది,” అన్నారు పన్నుల మాస్టారితో.

గిరాకీ బాగానే పుట్టింది. పావుగంటలో వంటింటి కిటికీ దగ్గర తోపులాట మొదలైంది. చీటీ దొరకనివాళ్లు కూడా సందట్లో డబ్బులిచ్చి టీ అడిగారు. పది బస్సులు కదలకుండా ఆగిపోయి, లోపలున్న ప్రయాణికులు కిటికీల్లోంచి అరవసాగారు. అంతలో పాలు అయిపోయాయి.

“ఈ చీటీలు చూపిస్తే పాలవాడు పాలు పోస్తాడా మాస్టారూ?” అంది క్యాంటీనమ్మ గుప్పెడు కాగితాలు చూపించి.

“చూశావా? వెనక పన్ను లేని కాగితానికి విలువ లేదు,” అన్నారు పన్నుల మాస్టారు.

“కాదు. ఆగింది పాలు లేక, కాగితం లేక కాదు. నేను చెప్పేదీ అదే,” అన్నారు లోటు మాస్టారు.

ఇద్దరూ తమదే గెలుపని నమ్మి ఇంకాస్త గట్టిగా వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆ గొడవలో నీలం చొక్కా వేసుకున్న ఒక బక్కమనిషి, చంకన సంచితో లోపలికి వచ్చి, కూర్చోవడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోటు మాస్టారి కంట అతను పడ్డాడు.

“ఏం బాబూ, డ్యూటీయేనా?”

“అవునండి, డ్యూటీ మీదే వచ్చాను.”

“ఇదిగో, శ్రామికుడు. ఈయన ముందే తేల్చుకుందాం,” అని మాస్టారు అతనికి ఇరవై నిమిషాలు లోటు గురించి చెప్పారు. పన్నుల మాస్టారు పావుగంట పన్నుల గురించి చెప్పారు. అతను ఓపిగ్గా విని, సంచిలోంచి పుస్తకం తీశాడు.

“ఒక్కమాట అడగనాండి? ఈ కుర్చీలు రోజూ ఇలాగే నిండి ఉంటాయా?”

“రోజూ,” అన్నారు లోటు మాస్టారు ఛాతీ విరుచుకుని. “తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక్కటి కూడా ఖాళీ ఉండదు. రాసుకో. పైవాళ్లకి తెలియాలి.”

“రాసుకుంటున్నానండి.”

“ఎండైనా వానైనా తొమ్మిదేళ్లుగా వస్తున్నాం. తలా ఒక టీ తీసుకుని నాలుగు గంటలు కదలం,” అని పన్నుల మాస్టారు అందించారు. ఆ పూట తేదీ తర్వాత స్నేహితులిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

“మరి డ్రైవర్లూ కండక్టర్లూ ఎక్కడ కూర్చుంటారండి?”

లోటు మాస్టారు జవాబు చెప్పడానికి నోరు తెరిచి, కిటికీలోంచి బయటికి చూశారు. ఎండలో గ్లాసులు పట్టుకుని ముప్పై మంది నిలబడి ఉన్నారు. ఒక పెద్దవయసు డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని అన్నం తింటున్నాడు.

“నేను పైఆఫీసు నుంచి వచ్చానండి,” అన్నాడు నీలం చొక్కా మనిషి. “ఇంతమంది సిబ్బంది ఉండి నష్టం ఎందుకొస్తోందో ఆర్నెల్లుగా మాకు అంతుపట్టలేదు. ఇప్పుడు తెలిసింది. మూసేయక్కర్లేదు. కుర్చీలు సిబ్బందికి వదిలితే చాలు.”

నిజంగా కొరత దేనికో ముందు వెతకమని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పిన లోటు మాస్టారు, తొమ్మిదేళ్లుగా ఆ కొరత మీదే కూర్చున్నారు. ఆయన వంటింటి వైపు తిరిగారు.

“ముందే ఒక్కమాట చెప్పకూడదా అమ్మా?”

“చెబుదామనే చూస్తున్నాను మాస్టారూ, మొదట్నుంచీ. మీ మాట మధ్యలో ఎక్కడన్నా ఆగితే కదా,” అంది క్యాంటీనమ్మ. ఆవిడ కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

మాస్టారు కాగితం దగ్గరికి లాక్కున్నారు. తేదీ కింద ఇలా రాశారు: ‘ఈ కుర్చీలు పనిచేసి అలిసినవాళ్లవి. మేము లేస్తున్నాము.’ సంతకం పెట్టి స్నేహితుడి ముందుకి జరిపారు. సవరణ వస్తుందని మిగతా ఆరుగురూ కుర్చీల్లో ముందుకి వంగారు. పన్నుల మాస్టారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. తర్వాత యాభై చీటీల టీ డబ్బులు ఇద్దరూ జేబుల్లోంచి చెరిసగం తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది పన్ను,” అన్నారు పన్నుల మాస్టారు.

“నోరుమూసుకుని లే,” అన్నారు లోటు మాస్టారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

పన్నెండున్నరకే ఇంటికొచ్చిన భర్తని చూసి ఆయన భార్య ఒంట్లో బాగాలేదా అని అడిగింది. పేజీ రాశారా అంటే, రెండు వాక్యాలు సరిపోయాయన్నారు. ఆ డబ్బుతో పాలు తెప్పించాక పెద్ద డ్రైవరు కుర్చీలో కూర్చుని రెండో టీ తాగాడని కూడా చెప్పారు. ఆవిడ మూత తీసి వడ్డించింది.

మర్నాటి నుంచి క్యాంటీన్ కళకళలాడింది. అయితే వారం తిరక్కుండానే, డిపో ఎదుటి బస్సు షెల్టరులో పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ప్రయాణికులకు కూర్చునే చోటు దొరకడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి.