నిటారు ఇంటిపై విచారణ

చక్రాల కాలనీలో ఏ ఇల్లూ వాలి లేదని సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి పాఠకులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. తీర్మానం చదువుతున్నంతసేపూ బల్లమీది మంచినీళ్ళ సీసా దొర్లిపోకుండా కార్యదర్శిగారు చేత్తో పట్టుకునే ఉన్నారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్ళు పోయినవారికి ప్రభుత్వం దయతలచి చక్రాలమీద నిలిచే ఈ ట్రెయిలర్ ఇళ్ళను తాత్కాలికంగా ఇచ్చింది. తాత్కాలికంగా పుట్టిన పిల్లలకు ఇప్పుడు మీసాలు వచ్చాయి. స్థలం ఏటవాలు. ట్రెయిలర్‌ను నిలిపేటప్పుడు పల్లం వైపు చక్రాల కింద చెక్కలు పేర్చి, మట్టం సరిచూసి, ఆ తరువాతే మూలల్లో జాకీలు దించాలని తయారుచేసినవారి సూచన. అయితే చక్రం కింద చెక్క పెడితే అది స్థిరనివాసం అవుతుందనీ, తాత్కాలికులకు స్థిరత్వం నిషిద్ధమనీ నిబంధన. కాబట్టి ఇళ్ళు వాలాయి. అనగా, తీర్మానం ప్రకారం, వాలలేదు.

ప్రజలు ప్రశంసనీయంగా సర్దుకున్నారు. మంచాలకూ బల్లలకూ మెరక వైపు కోళ్ళను పొట్టిగా కోసుకున్నారు. పెనంలో నూనె ఒక పక్కకే చేరుతుంది గనుక, ఆ పక్కన వేగినది మగవారికి, ఈ పక్కన మాడినది ఆడవారికి అన్న సంప్రదాయం దానంతటదే ఏర్పడింది. ఊళ్ళోకి వెళ్ళి వచ్చినవారు అక్కడి భవనాలన్నీ ఒరిగిపోయాయని జాలిపడేవారు. సంఘాధ్యక్షులు, విశ్రాంత హెడ్మాస్టరుగారు, ప్రతి సభలోనూ, "వాలడం లోపం కాదు, వినయం. పండిన కొమ్మే వంగుతుంది" అని సెలవిచ్చేవారు.

ఈ వినయం కొరవడిన మనిషి ఒకామె ఉంది. బట్టలు కుట్టి బతికే ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. భర్త ఒకప్పటి లారీ డ్రైవరు. నడుము విరిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. కుర్చీ బ్రేకులు ఎప్పుడో అరిగిపోయాయి. సంఘ తీర్మానం దానికి అందలేదు కాబోలు, వదిలితే చాలు, తలుపు వైపు దొర్లేది. ఒకసారి మెట్లమీదుగా బోర్లాపడి ఆయన తల పగిలింది. మళ్ళీ పడితే బతకడని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి టైలరమ్మ ఒక కాలితో మిషను తొక్కుతూ, రెండో కాలు కుర్చీ చక్రానికి అడ్డుపెట్టి కుట్టేది. చెక్కలు పెట్టుకోనివ్వమని అడగబోతే అధ్యక్షులు ఆప్యాయంగా మందలించారు.

"అందరం ఇలాగే ఉంటున్నాం కదమ్మా. నీ ఒక్కదానికే వచ్చిందా కష్టం?"

ఒక ఆదివారం మెకానిక్కైన ఆమె తమ్ముడు వచ్చి, ఎవరినీ అడగకుండా చెక్కలు పేర్చి ఇంటిని నిటారుగా నిలబెట్టాడు.

"బావా, ఏదీ, ఇప్పుడు కదులు చూద్దాం."

"ఇన్నాళ్ళూ నన్ను వాకిట్లోకి షికారు తిప్పిన బండి ఇదొక్కటే. దాన్నీ ఆపేశావు కదరా" అన్నాడు డ్రైవరు.

ఆ రోజు టైలరమ్మ రెండు పాదాలూ మిషనుమీద పెట్టి కుట్టింది. మధ్యాహ్నానికి పక్కింటావిడ వచ్చింది.

"వదినా, మీ ఇల్లు ఒరిగిపోయింది, చూసుకున్నావా?"

"ఒరగలేదు వదినా, లేచింది."

"ఏమో తల్లీ. దీన్ని చూశాక మా ఇల్లే ఒరిగినట్టుంది. పొద్దున్నుంచీ మీ అన్నయ్యకి ఒకటే కళ్ళు తిరగడం."

నేరం స్పష్టమే. ఒక ఇల్లు నిటారుగా నిలబడడం వల్ల మిగిలిన ఇళ్ళన్నిటి పరువుకూ భంగం కలిగింది. విచారణకు ఇంజనీరును పిలిపించారు. ఆయన రసమట్టం తెచ్చి టైలరమ్మ ఇంట్లో పెట్టగా బుడగ గొట్టం నడుమ నిలిచింది. అధ్యక్షుల ఇంట్లో పెట్టగా ఒక చివరకు పారిపోయింది. ఇళ్ళు అనేకం, పరికరం ఒక్కటే కనుక పరికరమే దోషి అని ఆ విజ్ఞుడు తేల్చారు. చెక్కలు తీయించాలన్న ప్రతిపాదనకు, లోగడ డ్రైవరును మెట్లకింద నుంచి మోసుకొచ్చినవారు కూడా చెయ్యెత్తారు. "ఏమనుకోకు వదినా, మనలో మనకి గొడవలెందుకు" అంటూనే పక్కింటావిడా ఎత్తింది.

సంఘం దయలేనిది కాదు. కుర్చీని కిటికీ ఊచకు కట్టుకోవడానికి కొత్త తాడు ఉచితంగా ప్రసాదించాలని నిర్ణయించి, టైలరమ్మ ఇంటి ముందే సభ ఏర్పాటు చేసింది. కార్యక్రమం ప్రకారం మొదట చెక్కలు తీశారు. తాడు ఉపన్యాసం అయ్యాక ఇవ్వవలసినది. దానిని అందుకోవడానికి ఆమెను వేదిక ఎక్కమన్నారు.

"మరి కుర్చీ ఎవరు పట్టుకుంటారండీ?"

"మేమంతా లేమా అమ్మా" అన్నారు కార్యదర్శి.

"ఒక సోదరుని కష్టం మనందరి కష్టం" అని అధ్యక్షులు ఆరంభించారు.

ఉపన్యాసం సగంలో ఇంట్లో డ్రైవరు కుర్చీ కదిలింది. తలుపు తెరిచే ఉంది కనుక సభికులందరికీ చక్కగా కనిపించింది. టైలరమ్మ పరుగెత్తబోతే ఫోటోగ్రాఫరు, "కదలొద్దమ్మా, బాగా వస్తోంది" అన్నాడు. పెద్దలు మాట్లాడుతుండగా మధ్యలో లేవడం మర్యాద కాదు గనుక ఎవరూ లేవలేదు. ఆమె చేరేసరికి కుర్చీ మెట్లు దిగిపోయింది.

తాడు మంచి రకం. టైలరమ్మ ఇప్పుడు దానిమీద బట్టలు ఆరవేస్తోంది. వాటిలో మగవారి చొక్కా ఒక్కటీ ఉండదు.

సంతాప సభలో మాత్రం అందరూ లేచి నిలబడ్డారు. ఆనాటి సభలో మీరు ఉండి ఉంటే అప్పుడే లేచేవారు. కాలనీలో ప్రతి ఒక్కరూ, ఆ రోజు సభలో లేనట్టే, ఇప్పుడు తమ గురించి ఆ మాటే చెబుతున్నారు.