విమానంలో వేసుకున్న మందు

ఆ ఉదయం మాస్టారి పని ఒక్కటే: విమానమెక్కి వెళ్ళి, మద్యం మాన్పించే కేంద్రంలో సలహాదారు ఉద్యోగం తెచ్చుకోవడం. బడి మూతపడి ఆయన ఖాళీగా ఉన్నారు. ఇది దక్కకపోతే బావమరిది మందుల షాపులో, "బావా, కాస్త చూసి మొయ్యి" అనిపించుకుంటూ అట్టపెట్టెలు మోయాలి. అంతకన్నా నరకం లేదు.

భార్య కూడా ఆ షాపులోనే పనిచేస్తుంది కాబట్టి ఆయన్ని పార్సిల్‌లా కట్టింది. కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, మెడకు గాలిదిండు, చెవుల్లో దూది.

"విమానం ఎక్కగానే వాంతుల మందు వేసుకోండి. నీళ్ళు తాగుతూ ఉండండి. అటూ ఇటూ నడవండి."

"విమానంలో ఎక్కడికి నడవనే?"

"నీళ్ళు తాగితే మీకే తెలుస్తుంది."

తెలిసింది. మందేమో నిద్రపుచ్చుతుంది, నీళ్ళేమో లేపుతాయి. ప్రయాణమంతా ఆయన పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుతూ, తిట్లు తింటూ బాత్రూమ్‌కి తిరిగారు. దిగేసరికి కాలు ఒకచోట నిలవడం లేదు.

విమానాశ్రయం బయట కేంద్రం మేనేజరు ఎదురొచ్చాడు. "ఏంటండీ, తూలుతున్నారు?"

"మందు వేసుకున్నానండీ!" దూది మూలాన మాస్టారు అరిచారు. జనమంతా తిరిగి చూశారు.

"పొద్దున్నేనా?"

"మా ఆవిడే ఇచ్చిందండీ. షాపు మా బావమరిదిదే!"

"మానెయ్యాలని లేదా?"

"ఇప్పుడక్కర్లేదు. మళ్ళీ తిరుగు ప్రయాణంలోనే!"

కారులో మేనేజరు ఫోన్లో ఏదో చెబుతూ తల కొట్టుకున్నాడు. ఎవరో పాపం కష్టాల్లో ఉన్నారనుకున్నారు మాస్టారు. కేంద్రం గుమ్మంలో దూది తీశాక మొదట వినబడిన మాట, "ఇదుగో మేడమ్, తాగుబోతు."

మాస్టారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "అయ్యో, అది వాంతుల మందండీ!"

"వాంతులయ్యేదాకా తాగారా?" అంది డైరెక్టరు.

అట్టపెట్టెలు కళ్ళముందు కదిలాయి. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. డైరెక్టరు మాత్రం కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళంతా చుక్క ముట్టనివాళ్ళే. వాళ్ళ మాట ఇక్కడ ఎవడూ వినడు. మాకు ఆ బాధ తెలిసిన మనిషి కావాలి. మానేస్తానని మాటిస్తే ఉద్యోగం మీదే."

నిజం గొంతుదాకా వచ్చింది. మాస్టారు దాన్ని మింగేశారు.

"ఈ క్షణం నుంచే మానేశానండీ."

అంత తేలిగ్గా మందు మానేసిన మనిషిని ఆ కేంద్రం అంతకుముందెన్నడూ చూడలేదు.