గత నెల ధర

ఆ నెలాఖరు పొద్దున ధరల గుమాస్తాకు ఉన్నది ఒకటే పని. బజారుకు వెళ్లి ఇరవై రెండు సరుకుల ధరలు రాసుకుని సాయంత్రానికి ఆఫీసులో ఇవ్వాలి. కొనక్కర్లేదు, బేరమాడక్కర్లేదు. ప్రతి నెలా అవే దుకాణాల్లో అవే సరుకుల ధరలు అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయడమే. ఈ ఒక్క నెల తప్పు దొర్లకుండా గడిస్తే, మూడేళ్లుగా గాలిలో దీపంలా ఉన్న ఉద్యోగం ఖాయమవుతుంది. ఇంట్లో కూర్చుని అంకెలు అల్లిన పక్క సీటు మనిషిని పోయిన నెలే ఇంటికి పంపేశారు.

స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద పెట్టిన జాబితా కాగితం లేదు. మామగారు కూడా లేరు.

పది రోజులుగా కూతురింట ఊరికే కూర్చుని తినడం ఆ పెద్దమనిషికి మింగుడు పడటం లేదు. బల్ల మీద సరుకుల జాబితా, ఒక్కొక్క దాని పక్కన గత నెల ధర కనబడగానే అల్లుడి పొదుపుకు మురిసిపోయారు. పైన ఆఫీసు ముద్ర ఉంటే, కాగితం కూడా ఆదా చేస్తున్నాడనుకున్నారు. సంచులు తీసుకుని బయల్దేరారు.

నూనె కొట్లో కాగితం విప్పి, ముద్ర ఎదురుగా పెట్టి అడిగారు. "పోయిన నెల ఇంతే అని రాసుంది. ఇప్పుడెందుకు పెరిగింది?"

కొట్టాయన ముద్ర చూసి, తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నాడు. పాత ధరకే నూనె పోసి, సబ్బు ఇంకాస్త తక్కువకే ఇచ్చాడు. కబురు మామగారి కంటే ముందే పక్క కొట్లకు చేరింది. జాబితాలో బియ్యం, ఉప్పు దాటాక సైకిలు టైరు, క్షవరం, చివర్న పన్ను పీకించడం ఉన్నాయి. అల్లుడికి సైకిలు లేదు. అయినా రాశాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందని మామగారు ఒక్కటీ వదల్లేదు.

గుమాస్తా ఇంకో కాగితం తీసుకుని బజారుకు పరిగెత్తాడు. నూనె కొట్టాయన లేచి నిలబడి, ధర తగ్గిందని వినయంగా మనవి చేశాడు. నిన్నటిదాకా పెరిగింది ఇవాళెలా తగ్గిందంటే, తగ్గిందనే మళ్లీ అన్నాడు. అన్ని కొట్లలోనూ అదే వరస. ఈ అంకెలు ఎవరూ నమ్మరని గుమాస్తాకు తెలుసు. అయినా చెప్పింది రాయక తప్పదు గనక రాశాడు.

ఆఫీసరు కాగితం చూసి కళ్లజోడు తీశాడు. "ఊరంతా ధరలు మండిపోతుంటే నీ కాగితంలో వాన కురిసిందేమయ్యా? పద, చూద్దాం. ఒక్క అంకె తేడా వచ్చినా రేపట్నించి రానక్కర్లేదు."

ఈసారి ఇద్దరు వచ్చేసరికి కొట్టాయన బెదిరి ఇంకొంచెం తగ్గించాడు. గుమాస్తా రాసిన ధర ఇప్పుడు ఎక్కువైంది. సైకిలు షాపులోనూ అంతే, మంగలి దగ్గరా అంతే. ఆఫీసరు ఒక్కొక్క అంకె కిందా ఎర్రగీత గీస్తూ వచ్చాడు. భార్యకు ఏం చెప్పాలో గుమాస్తాకు పాలుపోలేదు.

ఆఖరుకి పళ్ల డాక్టరు దగ్గరికి చేరారు. డాక్టరు ఆఫీసరుకు కుర్చీ వేయించి, భయంగా అన్నాడు. "పొద్దున మీ పెద్దాయన వచ్చి వెళ్లారు కదండీ. ముద్ర ఉన్న కాగితం చూపించి, ఫీజు ఎందుకు పెంచావని నిలదీశారు. మాట్లాడుతూనే పన్ను పీకించుకున్నారు."

ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పైఆఫీసు నుంచి రహస్యంగా తనిఖీకి వచ్చినవాడు తప్ప, ధర కోసం పన్ను ఇచ్చుకునేదెవరు? అలాంటి మనిషి చూసి వెళ్లిన బజారు మీద తనెందుకు అనుమానపడాలి? ఎర్రగీతలున్న కాగితం చింపేసి, కొత్తది రాయించి, అక్కడే నిలబడి సంతకం పెట్టాడు. ఉద్యోగం ఖాయం చేయమని సిఫారసు కూడా రాశాడు.

గుమాస్తా ఇంటికొచ్చేసరికి మామగారు బుగ్గలో దూది పెట్టుకుని, టైరు పక్కన కూర్చుని ఉన్నారు. అతనికంతా అర్థమైంది. కోపం రావాల్సింది, కళ్లనీళ్లు వచ్చాయి.

"అన్నీ పాత ధరకే తెచ్చాను బాబూ," అన్నారాయన ముద్దముద్దగా.

పై నెలలో ఉద్యోగం ఖాయమైంది. ఆ ఊరి ఉద్యోగుల కరువు భత్యం ఆ బజారు ధరల్ని బట్టే ఇస్తారు గనక, జీతం మాత్రం తగ్గింది.